కుడి పురి

తవుడు తెచ్చాడు దాన్ని,
విశాఖలో బీరు కాచే చోట సీసాలు కడిగే మా మేనల్లుడు,
తడి పేపర్లో చుట్టి
చంటిపిల్లని అందించినట్టు రెండు చేతులా.
చూస్తే ఎండిన అల్లం కొమ్ము. అంతే.
"హాప్సు మావా. చేదు కోసం వేస్తారు.
చల్లటి కొండల్లో తప్ప రాదంటారు గానీ
నీ చేతికి ఏదైనా వస్తాది."

నా చేతికి!
ఇరవై రెండేళ్లు నెల్లిమర్ల జూటు మిల్లులో
దారానికి పురి పెట్టిన చెయ్యి.
గేటుకి తాళం పడ్డాక
పట్టుకోవడానికి ఏమీ లేక
ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చునే చేతులు.

రెండు నెలలు ఫ్రిజ్జులో నిద్రపుచ్చాను,
మంచు కురుస్తోందని నమ్ముతుందని.
గవరమ్మ ఒకరోజు దంచబోయింది.
"ఏటిది, అల్లమేనా?"
"కాదే, బీరు."
అది నన్ను ఎంతసేపు చూసిందంటే
ఫ్రిజ్జు తలుపు అలా తెరిచే ఉండిపోయింది.

మాఘంలో డాబా మీద, పగిలిన డ్రమ్ములో,
చంపావతి ఇసుకా పెంటా కలిపి పాతాను.
మొలక ఎర్రగా, తోటకూర కాడలా లేచింది.
ఆఖరి షిఫ్టు రోజున నా జేబులో ఇంటికొచ్చిన సుత్లి ఉండ
(దొంగతనం కాదు, నాకు రావాల్సిన బాకీలో ముదరా)
విప్పి నీళ్ల ట్యాంకు దాకా కట్టాను.
తీగ తాడుని తడిమింది. చుట్టింది.
కుడికి, పొద్దు నడిచే దారినే.
నేను విప్పి ఎడమకి చుట్టి చూశాను.
తెల్లారేసరికి విడిపించుకుని మళ్లీ కుడికి.
ఓహో, దీనికి పురి తెలుసు.
మేస్త్రీ లేడు, షిఫ్టు లేదు,
ఎవరు నేర్పారో.

నడుమెత్తు ఎక్కి ఆగిపోయింది.
తవుడు ఫోన్లో అన్నాడు:
"దాని ఊళ్లో వేసంగిలో రాత్రి తొమ్మిదికీ వెలుగుంటాది మావా.
ఇక్కడ ఆరున్నరకే పొద్దు ములిగిపోతే
చలికాలం వచ్చీసిందనుకుని
బేగి పూసీసి ఊరుకుంటాది."
సరే, మోసం చేద్దాం.
అరవై వాట్ల బల్బు వేలాడదీశాను, రాత్రి పదిదాకా,
బి షిఫ్టు దిగే వేళదాకా.
మళ్లీ ఎక్కింది, వారంలో ట్యాంకు ముట్టింది.
పక్కింటి ఎక్సైజు కానిస్టేబులు దాలినాయుడు
పిట్టగోడ మీంచి మెడ సాచి
"ఏటి మొక్కండీ, దీపం పెట్టి పెంచుతున్నారు?" అన్నాడు.
"కాకర జాతి" అన్నాను.
చేదన్నంతవరకూ అబద్ధం కాదు.

వానలు పట్టాక బల్బు ఆర్పేశాను.
పదకొండు కాసింది. కాయలు కావు, పువ్వులు,
పొరలు పొరలుగా, ఉల్లిపొట్టుతో బొంగరం చేసినట్టు.
ఒకటి చిదిపితే వేలికి పసుప్పొడి.
నారింజ తొక్క వాసన, కొంచెం వేపచిగురు,
ఆ అడుగున, చెబితే నవ్వుతారు,
తొలకరికి తడిసిన జూటు గోదాము.

గవరమ్మ అంబలికని మొలకెత్తించిన చోళ్లలో సగం అడిగాను.
ఇచ్చింది, ఒక్క షరతు మీద:
మొదటి గ్లాసు తనది.
పదకొండు పువ్వులు ఏ మూలకి?
నేలవేము నాలుగు రెబ్బలు తోడు వేశాం.
ఆరు సీసాలు, మంచం కింద.

పదో రాత్రి ఒకటి పేలింది.
వీధి కుక్కలు లేచాయి.
దాలినాయుడి గదిలో లైటు వెలిగింది.
నేను చీకట్లో చొక్కా వెతుక్కుంటూ
క్యారేజీ ఎక్కడ పెట్టావే అని అరుస్తున్నాను.
గవరమ్మ లైటు వెయ్యలేదు.
"సైరను కాదు," అంది, "బీరు. పడుకో."

పొద్దున్నే మెట్ల మీద కూర్చుని గ్లాసు ఎత్తింది.
మొదటి గుక్కకి మొహం వంకర తిరిగింది.
రెండో గుక్క అడక్కుండానే తాగింది.
"మరీ చేదు," అంది.
"వొగ్గీకు గానీ. వచ్చే యేడు ఇంకో తాడు కట్టు."

సుత్లి ఉండ అయిపోయిందని
అప్పుడు చెప్పలేదు నేను.